గర్భిణుల రక్తపరీక్ష

చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రాజమార్గమున, స్వర్ణముఖీ నదీతీరమున నున్న నాయుడుపేట పెద్ద పట్టణము కాదు. 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిదై, ఆ సంవత్సరపు పునర్విభజనమున తిరుపతి జిల్లాలో చేరిన ఈ పేటకు వరిచేలలో నాట్లువేయు ఆడకూలీలును, మేనకూరు కర్మాగారములలో పనిచేయు యువతులును, చెరువుగట్ల వెంబడి గుడిసెలలో నివసించు యానాది గృహిణులును వైద్యమునకై వచ్చుచుందురు. 2016 నుండి దేశమంతట ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణులను ప్రత్యేకముగా పరీక్షించు ఏర్పాటు నడచుచున్నది. ఆనాడు సాధారణముగా జరుగునది ఇది: వ్రేలినుండియో చేతినుండియో కొంచెము రక్తము తీయుదురు, హీమోగ్లోబిన్ ఎంతయో చూతురు, పదకొండు గ్రాములకు తక్కువైనచో రక్తహీనత యని కార్డుపై వ్రాసి ఐరన్ మాత్రలు చేతికిత్తురు. ఆమె బస్సెక్కి ఇంటికి పోవును.

ఈ పనిని మేము తేలికచేసి మాటలాడుట లేదు. దీనిని నడపుచున్న ఏఎన్ఎంలకును, ఆశా కార్యకర్తలకును దేశము ఋణపడియున్నది. కాని ఒక్క మాట అడుగవలసియున్నది. ఆ అంకె రక్తమెంత తక్కువయో చెప్పును. ఎందువలన తక్కువయో చెప్పదు. ఎందువలననో తెలియకుండ ఇచ్చు మందు పదిమందిలో తొమ్మండుగురకు పనిచేయవచ్చును. పదవ స్త్రీ గతి ఏమి? ఆమె కడుపులోని శిశువు గతి ఏమి?

మొదట మన దుస్థితి ఎంతటిదో చూతము. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే లెక్క ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులు. గర్భిణులలో నూటికి 53.7 మంది. పొరుగున నున్న తెలంగాణమున నూటికి 57.6. ఇది కరవు ప్రాంతముల లెక్క కాదు, కృష్ణా గోదావరీ పెన్నానదులు పారుచున్న సీమల లెక్క. 2018లో ప్రారంభమైన అనీమియా ముక్త భారత్ కార్యక్రమమున ప్రతి గర్భిణికిని నాలుగవ నెలనుండి దినమున కొకటి చొప్పున 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును గల మాత్రలు 180 దినములును, ప్రసవానంతరము మరి 180 దినములును ఇయ్యవలెనని నిర్ణయించిరి. నులిపురుగుల మందును చేర్చిరి. ఇవన్నియు సాగవలసినవే. ఇనుము లోపమే మన స్త్రీల రక్తహీనతకు పెద్ద కారణమనుటలో సందేహము లేదు. పెద్ద కారణమన్నంత మాత్రమున అదియే ఏకైక కారణము కాజాలదు.

మన పూర్వులు ఈ సంగతి నెరుగుదురు. చరకసంహితలో చికిత్సాస్థానమున పాండురోగమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమే కలదు. అందు పాండువు ఐదు విధములుగా చెప్పబడినది. వాతాది దోషములవలన కలుగునవి నాలుగు, మన్ను తినుటవలన కలుగునది ఐదవది. లోహము, మండూరము కలిసిన ఔషధములు ఆ అధ్యాయముననే యున్నవి. అనగా ఇనుము నెరిగిన వైద్యుడే, ఇనుము ఇచ్చుటకు ముందు ఏ పాండువో విచారింపుమని చెప్పినాడు. నేటి శాస్త్రమునకు చరకుని విభాగము సరిపడకపోవచ్చును. ఆయన పద్ధతి మాత్రము సరిపడును. తెల్లబడిన ముఖమును చూచి ఒక్కటే మందు పంచుట వైద్యము కాదు, పంపిణీ.

ఆధునిక కాలమున ఈ పాఠము మన దేశమందే మరల నేర్వబడినది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణుల రక్తమును పరిశోధించెను. ఆ స్త్రీలలో కొందరి పాండువున రక్తకణములు చిన్నవి కాక, పెద్దవిగా నుండెను. అది ఇనుము కొరత కాదు. ఈస్టు సారముచే వారు కోలుకొనుటను 1931లో ఆమె ప్రకటించెను. ఆ సారములోని పదార్థమే పిమ్మట ఫోలిక్ ఆమ్లమని తేలినది. దానిని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడెవరు? భీమవరమున 1895లో జన్మించి, సంగ్రహణి రోగమునకు తన తోబుట్టువులు బలియగుట కన్నులార చూచిన యల్లాప్రగడ సుబ్బారావు. నేడు దేశమున ప్రతి గర్భిణి మ్రింగు మాత్రలో సగము ఈ తెలుగువాని కృషి ఫలము. ఇనుముతో తగ్గని పాండువు ఒకటి కలదని గుర్తించుటవలననే ఆ మాత్ర పుట్టినది. అట్టి మాత్రను చేతబట్టుకొని, ఇక కారణములు వెదుక నక్కరలేదనుట ఎంత విపరీతము!

ఇప్పుడు మేము చెప్పబోవు పాండువు మూడవ రకమునకు చెందినది. ఇది ఆహారలోపమువలన రాదు, పురుగులవలన రాదు; తల్లిదండ్రుల బీజములనుండి వచ్చును. రక్తమునకు ఎరుపునిచ్చు హీమోగ్లోబిన్‌లో గ్లోబిన్ అను మాంసకృత్తు కలదు. దానిని నిర్మించు జన్యువున లోపమున్నచో ఆ మాంసకృత్తు చాలినంత తయారు కాకపోవుటయో, వికృతముగా తయారగుటయో సంభవించును. మొదటిది తలసీమియా, అమెరికాలో కూలీ అను వైద్యుడు 1925లో దీనిని వర్ణించెను. రెండవదానిలో ముఖ్యమైనది కణములు కొడవలివలె వంగిపోవు సికిల్‌సెల్ వ్యాధి. దీనిని 1910లో హెరిక్ గుర్తించెను, ఇది హీమోగ్లోబిన్ అణువున కలిగిన మార్పేయని 1949లో పౌలింగ్ బృందము నిరూపించెను. మలేరియా పీడిత దేశములలో ఈ జన్యువులు నిలిచియుండుటకు కారణము అవి మలేరియానుండి కొంత రక్షణ నిచ్చుటయే కావచ్చునని 1949లో తలసీమియా విషయమున ఊహించినవాడు హాల్డేన్. ఆ మహాశయుడు తరువాత భారత పౌరుడై 1964లో భువనేశ్వరమున తనువు చాలించెను. కావున ఈ జన్యువులు ఒక కులపు కళంకమును కావు, ఒక వంశపు పాపమును కావు. దోమలతో మన పూర్వులు వేలయేండ్లు చేసిన పోరాటపు మచ్చలు.

ఈ లోపము ఒక్క తల్లినుండియో ఒక్క తండ్రినుండియో మాత్రమే వచ్చినచో మనిషి వాహకుడగును, రోగి కాడు. అతడు పొలము దున్నును, ఆమె బిడ్డలను కనును. తమ రక్తమున నేమున్నదో ఇరువురకును తెలియదు. కాని వాహకుడును వాహకురాలును దంపతులైనచో ప్రతి గర్భమునందును నాలుగింట ఒకపాలు బిడ్డ రోగియై పుట్టు అవకాశము కలదు. తలసీమియా రోగియగు శిశువు పుట్టినప్పుడు ముద్దుగానే యుండును. ఏడాది నిండులోపల పాలిపోవును. అటుపిమ్మట జీవితాంతము రెండు మూడు వారములకొకసారి పరుల రక్తము ఎక్కింపవలయును. ఎక్కించిన రక్తములోని ఇనుము గుండెలోను కాలేయమునను పేరుకొనును గనుక దానిని వెలికి దీయు మందు నిత్యము వాడవలయును. మూలుగ మార్పిడి పూర్తి చికిత్స. అది సరిపడు దాత దొరకిన కొందరికి మాత్రమే సాధ్యము. ఇనుము చాలక తల్లికి మాత్రలు, ఇనుము ఎక్కువై బిడ్డకు మందులు! రెండింటికిని పేరు రక్తహీనతయే.

చిక్కంతయు ఇచట నున్నది. తలసీమియా వాహకురాలికి రక్తకణములు చిన్నవిగా నుండును. ఇనుము లోపించిన స్త్రీకిని కణములు చిన్నవిగానే యుండును. ఇరువురికిని హీమోగ్లోబిన్ తగ్గవచ్చును. వ్రేలి నెత్తురు చుక్కకు ఈ భేదము తెలియదు. ఒక గర్భిణి నెలనెలా వచ్చి, మాత్రలన్నియు మ్రింగితినని చెప్పుననుకొందము. అంకె పెరుగదు. మాత్రలు పెంటలో పారవైచి బొంకుచున్నావని ఆమెను గద్దించు వారుందురు. అత్తగారు ఇంట మరల గద్దించును. మందు మార్చుదురు, సూదిమందు ఎక్కింతురు. ఆమె బొంకలేదు. ఆమె రక్తము పుట్టుకతోనే అట్టిది. ఆమె చెప్పిన నిజమును విని, ఒక్క పరీక్ష చేసియుండినచో, ఆమెకు కాక ఆమె కడుపులోని బిడ్డకు రాబోవు అపాయము నాడే బయటపడియుండును.

వాహకురాలైనంత మాత్రమున ఐరన్ మాత్ర మానవలెనని ఎవరును పొరబడరాదు. వాహకురాలికిని ఇనుము లోపింపవచ్చును. మన దేశమున తరచుగా లోపించును కూడ. అప్పుడు రెండును కలిసియుండును. ఇంకొక మెలిక కలదు. తలసీమియా వాహకులను గుర్తించుటకు హీమోగ్లోబిన్ ఏ2 అను భాగమును కొలుతురు. అది సాధారణముగా నూటికి మూడున్నరకు మించినచో వాహకత్వము. కాని ఇనుము బాగుగ లోపించినప్పుడు ఆ భాగము తగ్గిపోయి, వాహకురాలు వాహకురాలు కానట్లు కనబడవచ్చును. ఇనుము లోపము తీరిన పిమ్మట చూతమనుకొన్నచో నెలలు గడచును, గర్భము ఆగదు. కావున ఇనుము నిలువను తెలుపు ఫెరిటిన్‌ను, ఏ2 భాగమును ఒక్కసారియే చూడవలయును. సందేహమున్నచో భర్త రక్తమును కూడ వెంటనే చూడవలయును. ఇక సికిల్ వాహకురాలికి కణముల పరిమాణమును, హీమోగ్లోబిన్‌యును సరిగానే యుండవచ్చును. ఆమె ముఖము పాలిపోదు. ఇందుచేత పాలిపోయినవారిని మాత్రమే పరీక్షింతుమనుట చాలదు. ప్రతి గర్భిణికిని, మొదటి దర్శనముననే, ఇనుముకొరకు తీయు ఆ రక్తముతోనే ఈ పరీక్షయు జరుగవలెననుట మా వాదము.

ఇంత ఖర్చు పేదదేశము భరింపగలదా యని అడుగువారు గలరు. లెక్క చూతము. దేశమున సగటున నూటికి మూడు నలుగురు బీటా తలసీమియా వాహకులని 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రకటించిన మార్గదర్శకములు చెప్పుచున్నవి. అనగా మూడున్నర నాలుగున్నర కోట్ల జనులు. కొన్ని సమాజములలో ఇంతకంటె హెచ్చు, కొన్నింట తక్కువ. ఈ సగటుననే వేయిమంది గర్భిణులను పరీక్షించితిమనుకొందము. ముప్పది నలువదిమంది వాహకురాండ్రు తేలుదురు. ఆ ముప్పది నలువదిమంది భర్తలనే పిలిచి పరీక్షింపవలయును. వారిలో ఒకరిద్దరు వాహకులు కావచ్చును. వేయి కుటుంబములలో ఆ ఒకటి రెండు కుటుంబములకే పెద్ద పరీక్షలు కావలసియుండును. తొలి వడపోతకు గొప్ప యంత్రములు అక్కరలేదు. గాజుగొట్టములో నూటికి 0.36 పాళ్ల ఉప్పునీటిలో ఒక బొట్టు రక్తము కలిపి, వెనుక నల్లగీత గీచిన కాగితముంచి చూచుట యొక పద్ధతి. గీత స్పష్టముగా కనబడినచో భయము లేదు. మసకబారినచో నమూనాను పెద్ద ప్రయోగశాలకు పంపవలయును. సికిల్ కణమునకును ఇట్టి గొట్టపు పరీక్షయే కలదు. ఇవి కొద్ది రూపాయల పనులు. వీనిని ఎదుట పెట్టి, ఒక్క తలసీమియా బిడ్డకు ఏటేట కావలసిన రక్తమును, మందులను, ఆ తల్లిదండ్రులు పోగొట్టుకొను కూలిదినములను లెక్కింపుడు. పిసినారి గణకుడైనను పరీక్షకే ఓటు వేయును.

డబ్బుకంటె కాలము ముఖ్యము. గర్భస్థ శిశువునకు రోగమున్నదో లేదో పదకొండవ వారము ప్రాంతమున మావినుండి చిన్న తునక తీసి చూచుటయో, పదునైదవ వారము దాటినపిమ్మట ఉమ్మనీరు తీసి చూచుటయో చేయుదురు. 2021లో సవరింపబడిన గర్భవిచ్ఛేదన చట్టము ఇరువది వారములవరకు ఒక వైద్యుని అభిప్రాయముపై, కొన్ని తరగతుల స్త్రీలకు ఇరువదినాలుగు వారములవరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయముపై, శిశువున తీవ్రలోపమున్నట్లు వైద్యమండలి తేల్చినచో అంతకుమించియు అనుమతి నిచ్చుచున్నది. చట్టము తలుపు తెరచియుంచినది. కాని ఆరవ నెలలో మొదటి రక్తపరీక్ష జరిగిన స్త్రీ ఆ తలుపు చేరులోపల దారియే మూసికొనిపోవును. కావున మూడవ నెల నిండకముందే పేరు నమోదు, ఆనాడే పరీక్ష, వారములోపల భర్త పరీక్ష జరుగవలయును. పరీక్షలకై నాయుడుపేట గర్భిణి నెల్లూరికో తిరుపతికో డెబ్బది కిలోమీటర్లు పోనక్కరలేదు; ఆమె రక్తపు గొట్టము పోయిన చాలును.

వివాహమునకు ముందే పరీక్షింపరాదా యని ఇంకొక ప్రశ్న. పరీక్షింపవచ్చును, అది ఉత్తమము. సైప్రస్ ద్వీపమున 1970 దశకమున ఈ ఉద్యమము మొదలయ్యెను. 1983 నాటికి అచటి క్రైస్తవ మఠమే పెండ్లికి ముందు రక్తపరీక్ష పత్రము చూపుమనెను. రోగులైన శిశువుల జననము దాదాపు నిలిచిపోయినది. ఇటలీలోని సార్డీనియా ద్వీపమున రెండువందలయేబదింట ఒకరు చొప్పున పుట్టుచుండిన రోగశిశువులు నాలుగువేలకు ఒకరుగా తగ్గిరి. మన దక్షిణదేశమున మేనరికము పూర్వాచారము. బౌధాయనుడే దీనిని దాక్షిణాత్యుల ఆచారముగా పేర్కొన్నాడు. రక్తసంబంధులు పెండ్లాడినప్పుడు ఒకే లోపము ఇరువైపుల చేరు అవకాశము హెచ్చు. కాని ఎన్నికలో ఓటరు జాబితా ఉన్నట్లు పెండ్లికి ముందు వధూవరుల జాబితా ఏ వైద్యశాలయందును లేదు. గర్భిణుల జాబితా ప్రతి ఊరను కలదు. స్త్రీ తన జీవితమున తప్పక వైద్యశాల గడప త్రొక్కు కాలము అదియే. రేపటి ఉత్తమమునకై నేటి సాధ్యమును విడుచుట వివేకము కాదు.

ఇక ఒక హెచ్చరిక. రక్తపరీక్ష మంచిదే, రక్తముద్ర చెడ్డది. 1972 ప్రాంతమున అమెరికాలో కొన్ని రాష్ట్రములు సికిల్ పరీక్షను నిర్బంధము చేసినప్పుడు వాహకులను రోగులుగా భ్రమించి ఉద్యోగములను, భీమాను నిరాకరించిన ఉదంతములు కలవు. అంతదూర మేల? 1871లో తెల్లదొరలు పుట్టించి, 1911లో మద్రాసు రాజధానికి విస్తరింపజేసిన నేరస్థజాతుల చట్టము క్రింద నెల్లూరు సీమ యానాదులలో పలువురు పుట్టుకచేతనే దొంగలుగా నమోదు చేయబడిరి; కప్పరాళ్లతిప్పవంటి స్థావరములు అందుకే వెలసెను. ఆ మచ్చను తుడుచుటకు వెన్నెలకంటి రాఘవయ్యవంటి దేశసేవకులు జీవితము ధారపోసిరి; 1952లోగాని ఆ చట్టము పోలేదు. ఒకప్పుడు పుట్టుకను బట్టి నేరము అంటగట్టబడిన జనులకు ఇప్పుడు పుట్టుకను బట్టి రోగము అంటగట్టరాదు. ఫలితము ఆమెకును, ఆమె సమ్మతించిన వారికిని మాత్రమే తెలియవలయును. పరీక్ష అడిగి చేయవలయును, ఆజ్ఞాపించి కాదు. గర్భమునుగూర్చిన నిర్ణయము దంపతులది, అందును ముఖ్యముగా తల్లిది. ఏ అధికారి లెక్కలపట్టికకొరకును కాదు. బిడ్డను కనుటకే నిశ్చయించుకొన్న తల్లికి, రోగియై పుట్టిన బిడ్డకు రక్తమును, మందులును లోటులేక అందవలయును. తలసీమియా, సికిల్‌సెల్ వ్యాధులను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించినది. ఆ గుర్తింపు కాగితముననే నిలువరాదు.

అన్నిటికంటె మొదట స్త్రీపై నింద తొలగవలయును. వాహకురాలని తేలిన కోడలిని పుట్టింటికి పంపు ఇల్లు, కొడుకును పరీక్షకు పంపనొల్లదు. కాని శాస్త్రము సమన్యాయము గలది: రోగశిశువునకు తల్లినుండి ఒకపాలు, తండ్రినుండి ఒకపాలు సరిగా వచ్చియుండవలయును. తండ్రి పాలు లేక ఏ బిడ్డయు తలసీమియా రోగి కానేరదు. ఈ ఒక్క వాక్యమును ప్రతి ఉపకేంద్రపు గోడపై పెద్దయక్షరములతో వ్రాయించుట మేలు.

ప్రభుత్వములు ఏమియు చేయలేదని మేమనము. 2016 మార్గదర్శకములు గర్భిణుల పరీక్షను చెప్పినవి. 2023 జూలై 1వ తేదీన షాడోలులో ప్రారంభమైన సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమము, మన రెండు తెలుగు రాష్ట్రములతో కూడ పదునేడు రాష్ట్రముల గిరిజన ప్రాంతములలో ఏడుకోట్ల మందిని పరీక్షించి, 2047 నాటికి వ్యాధిని తొలగింపనెంచినది. విశాఖ, గోదావరి మన్యములకును, ఆదిలాబాదు గోండు పల్లెలకును ఇది మిక్కిలి అవసరము. హైదరాబాదున తలసీమియా సికిల్‌సెల్ సంఘము 1998 నుండి రోగులను ఆదుకొనుచున్నది. కాని తలసీమియా కొండలెక్కి మాత్రమే నివసించునది కాదు. మైదానమునను, తీరమునను, పట్టణమునను కలదు. ఐరన్ మాత్రకు ఒక శాఖ, సికిల్‌కు ఒక పథకము, తలసీమియాకు ఒక దానసంఘము అని మూడుగా చీలిపోయిన పనిని, ఒక్క స్త్రీ చేతినుండి ఒక్కమారు తీసిన రక్తముచే ఒక్కటి చేయవలయునని మా ప్రార్థన. ఆమె ఒక్కతె; ఆమె రక్తమును మూడు దస్త్రములుగా విభజింపనేల?

2023 జూలై 14వ తేదీన శ్రీహరికోటనుండి చంద్రయానము ఎగసినప్పుడు ఈ తీరగ్రామముల ప్రజలు ఆకసమువైపు చూచి పులకించిరి. నలువది దినములకు అది చంద్రునిపై దిగినది. లక్షల మైళ్ల దూరమునకు యంత్రమును గురితప్పక పంపిన జాతికి, నాయుడుపేటనుండి నెల్లూరికి ఒక రక్తపు గొట్టమును పంపి, వారము తిరుగులోపల సమాధానము తెప్పించి, తెలుగున ఆ తల్లికి నచ్చజెప్పుట అసాధ్యమని ఎవరైన చెప్పినచో మేము నమ్మజాలము. సాధ్యాసాధ్యముల ప్రశ్న కాదిది. ఆ తల్లి మన లెక్కలో నున్నదా లేదా యనునదియే ప్రశ్న.